చెయ్యి దిగేదాకా

మా ఆయన ఎత్తిన బరువుని తనంతట తాను దించేవారు కాదు. వాళ్ళ అన్నయ్య చెయ్యి దిగాలి, అప్పుడు దించేవారు. పోటీల్లో అంటే సరే, ఇంట్లోనూ అదే తంతు. నెలకి సరిపడా బియ్యం బస్తా భుజాన వేసుకొచ్చి వంటింటి గుమ్మం ముందు నిలబడి "అన్నయ్యా!" అని కేకేసేవారు. పెరట్లో ఎక్కడో ఉన్న బావగారు కుంటుకుంటూ వచ్చి, కుడిచెయ్యి పైకెత్తి, తమ్ముణ్ణి తల నుంచి పాదాల దాకా ఓసారి చూసేవారు.

"కాళ్ళు," అనేవారు.

ఈయన ముందుకు జరిగిన కుడికాలిని వెనక్కి తీసి ఎడమకాలి పక్కన పెట్టేవారు. అప్పుడు బావగారి చెయ్యి దిగేది. ధబ్బుమని బస్తా దిగేది.

కాపురానికొచ్చిన కొత్తలో ఈ వేషం చూసి నవ్వాపుకోలేక వంటింట్లోకి పరిగెత్తాను. అత్తయ్య నా వెనకే వచ్చింది. "నవ్వుకో, నవ్వుకో. చిన్నప్పట్నుంచీ ఇదే వరస. పెద్దాడు పక్క ఊరెళ్తే చిన్నాడు మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని వాడొచ్చేదాకా నిలబడతాడేమోనని నాకు బెంగ," అంది.

దుంగ ఎత్తే పోటీలో అసలు నియమమే అది. దుంగని తలపైకి ఎత్తగానే సరిపోదు. మోచేతులు నిటారుగా ఉండాలి, ఒళ్ళు కదలకూడదు, రెండు కాళ్ళూ ఒక వరసలో ఉండాలి. అవన్నీ చూసుకుని రెఫరీ పైకెత్తిన చెయ్యి దించుతాడు. ఆ తర్వాతే దుంగ దించాలి. ముందే దించితే ఎత్తనట్టే లెక్క. బావగారు కూడా ఒకప్పుడు దుంగలు ఎత్తినవారే. ప్రపంచ పోటీకి పంపిస్తామని కబురొచ్చిన ఏడాదే ఆయన మోకాలు పోయింది. అప్పట్నుంచి పోటీలు పెట్టే సంఘం తరఫున రెఫరీగా నిలబడేవారు. అన్నదమ్ములిద్దరూ పనిచేసే కలప డిపోలో ఆయన్ని అందరూ కొలతయ్య అనేవారు. రంపం మిషను మీద వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆ చెక్కని పక్కన పడేసే మనిషి.

మా ఆయన పోయి చాలా కాలమైంది. బావగారూ లేరు. తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ చెయ్యే. అది దిగకుండా ఉండిపోయింది ఒక్క ఎండాకాలంలోనే.

సంఘం అంటే పెద్ద ఆఫీసు ఉందనుకునేరు. సైకిల్ షాపు వెనక గది, అందులో ఒక బల్ల, గోడకో బోర్డు. సైకిల్ షాపాయనే కార్యదర్శి. పూర్వం సరుకు దించే యార్డుల్లో కూలీలు పని అయిపోయాక పందాలు వేసుకునేవారట, ఎవరు పెద్ద రాయి ఎత్తుతారా అని. ఎత్తానని ఒకడనేవాడు, ఎత్తలేదని ఇంకొకడనేవాడు, చివరికి తన్నులాటలో తేలేది. ఆ తన్నులాటలు పడలేక మధ్యవర్తిగా ఒకళ్ళని నిలబెట్టి, అతని చెయ్యి దిగితేనే లెక్క అని కట్టుబాటు పెట్టుకున్నారు. సంఘం అందులోంచి పుట్టింది. అదీ ఒకసారి విరిగి అతుక్కుందట. లారీని తాడు భుజాన వేసుకుని లాగాలా, నడుముకి బెల్టు కట్టుకుని లాగాలా అని గొడవ. "అది తేలేదాకా ఎవడూ లారీ జోలికి పోలేదు. మధ్యలో సుఖపడింది లారీ ఒక్కటే," అనేవారు మా ఆయన.

ఎండలు ముదరకముందే ఒక సాయంత్రం కోటాయన వచ్చాడు. అంత ఉక్కలో కోటు తొడుక్కొచ్చిన మనిషికి మేం వేరే పేరు వెతుక్కోవలసిన పని లేకపోయింది. అన్నదమ్ములిద్దరూ పెరట్లో ఉన్నారు. డిపోలో పనికిరాదని పడేసిన మొద్దుని బావగారు స్వయంగా చెక్కి, లోపల చేతులు పట్టేలా తొలిచి, ఇనపగొట్టాలు బిగించి తయారుచేసిన దుంగ మాది. ఈయన దాన్ని ఎత్తడం, బావగారు చెయ్యి దించడం, రోజూ జరిగేదే.

కోటాయన చాలాసేపు చూశాడు. తర్వాత కొత్తగా పెట్టిన లీగ్ గురించి మొదలెట్టాడు.

"టీవీలో చూపిస్తాం. లైట్లు, పాటలు, స్టేడియం నిండా జనం. ప్రపంచ సమాఖ్య ఈసారి మా లీగ్‌నే గుర్తిస్తోంది. మా దగ్గర గెలిచినవాడే ప్రపంచ పోటీకి వెళ్తాడు."

"మరి సంఘం?" అన్నారు మా ఆయన.

"సంఘం ఎక్కడుందండీ? ట్యూబులకి అతుకులేసే చోటా?"

అత్తయ్య ఊరుకోలేదు. "ఆ కోటు విప్పి కూర్చో నాయనా. కళ్ళు తిరిగి పడితే మొయ్యడానికి మావాళ్ళున్నారనుకో, అయినా వాళ్ళకెందుకు శ్రమ," అంది.

కోటాయన నవ్వాడు కానీ కోటు విప్పలేదు.

"మీ దగ్గర చెయ్యి ఎవరిది?" బావగారు అప్పుడడిగారు.

"చెయ్యా?"

"దించమని చెప్పే చెయ్యి."

"ఓ, రెఫరీయా! ఉంటాడండీ. కాకపోతే ఇంత సాగదియ్యడు. మోచేతులు నిటారుగా వచ్చాయా, అయిపోయింది. చూసేవాళ్ళకి విసుగు రాకూడదు కదా."

"కాళ్ళు?"

"దుంగ పైన ఉంటే కాళ్ళెవరు చూస్తారండీ!"

కోటాయన వెళ్ళిపోయాడు. మా ఆయన దుంగ మీద కూర్చుని అరచేతుల సుద్దపొడి దులుపుకుంటున్నారు.

"ఇంకో ఏడాదికి నా నడుం ఒప్పుకోదన్నయ్యా," అన్నారు చివరికి. "నువ్వు వెళ్ళలేకపోయిన చోటికి నేను వెళ్తానంటే వద్దంటావా?"

"వెళ్ళమనే అంటాను. కానీ వాడు కాళ్ళు చూడనన్నాడురా."

"కాళ్ళు నాకు తెలీవా?"

"తెలుసు. ఒకళ్ళు చూస్తున్నప్పుడు తెలుసు."

ఈయనకి ఆ మాట గుచ్చుకుంది. "అంటే నువ్వు లేకపోతే నేను నిలబడటం కూడా చేతకానివాణ్ణా?" అంటూ లేచి ఇంట్లోకి వచ్చేశారు. పొద్దున్నే కోటాయనకి సరేనని చెప్పొచ్చారు.

వారం తిరక్కుండానే సైకిల్ షాపు వెనక గదిలో సంఘం కూర్చుంది. లీగ్‌లో ఎత్తినవాడు సంఘంలో ఎత్తడానికి వీల్లేదని తీర్మానం చేశారు. ఆ సంగతి మాకు చెప్పింది బావగారే, అన్నం దగ్గర. అప్పటికి అందరం కలిసే తినేవాళ్ళం. నేనూ తోటికోడలూ వడ్డిస్తున్నాం.

"సంఘం నిన్ను తీసేసిందిరా," అన్నారు పళ్ళెంలోకి చూస్తూ.

మా ఆయన చెయ్యి ఆగింది. "నువ్వక్కడే ఉన్నావు కదా?"

"ఉన్నాను."

"ఏమన్నావు?"

"రూల్ చదివారు. రూల్ ప్రకారమే ఉంది."

"నేనడిగింది రూల్ గురించి కాదు. నువ్వేమన్నావని."

బావగారు అన్నం కలుపుకుంటూనే ఉన్నారు. తోటికోడలు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మా ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయారు. పళ్ళెంలో సగం అన్నం మిగిలింది. ఆయన అన్నం వదిలెయ్యడం నేను చూడటం అదే మొదటిసారి. ఆ ఒంటికి తిండి ఎంత కావాలో వండేదాన్ని నాకు తెలుసు.

మర్నాడు తోటికోడలు పెరటి వైపున్న సామాన్ల గదిలో వేరే పొయ్యి పెట్టుకుంది. కళ్ళు తుడుచుకుంటూనే పెట్టుకుంది. "ఇద్దరూ ఎదురుబొదురు కూర్చుని తినకపోతే వండినదంతా వృథా అవుతుందమ్మా. అందుకే. నువ్వేం మనసులో పెట్టుకోకు," అంది నాతో. నేనేం పెట్టుకుంటాను? ఆవిడ గిన్నెలు నేనే మోసి ఆ గదిలో సర్దిపెట్టాను. అత్తయ్య పొద్దున ఒక పొయ్యి దగ్గర, సాయంత్రం ఒక పొయ్యి దగ్గర తినడం మొదలెట్టింది. "నన్ను ఏ సంఘం తీసెయ్యలేదు కదా!" అనేది.

పెరట్లో దుంగ అలాగే పడి ఉంది. డిపోలో కూడా ఇద్దరూ మాట్లాడుకోవడం లేదని తెలిసింది. ఈయన పని అవగానే లీగ్ వాళ్ళ షెడ్డుకి వెళ్ళేవారు. అక్కడ నేలంతా రబ్బరు పరుపులు, గోడల నిండా అద్దాలు, దుంగ కూడా ఇనపదేనట, రంగు వేసి ఉంటుందట.

ఆ ఎండాకాలం నడిమధ్యలో సంఘం ఒక పోటీ పెట్టింది, లీగ్ ఒక పోటీ పెట్టింది. సంఘంలో ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకతను గెలిచాడు. లీగ్‌లో మా ఆయన గెలిచారు. ఇద్దరికీ ఒకే బిరుదు, దేశంలోకెల్లా బలశాలి అని. పాల దుకాణం ముందు జనం గుంపులుగా చేరి ఎవరు నిజం, ఎవరు దొంగ అని వాదించుకునేవారు. అత్తయ్య విని విని ఒకరోజు అక్కడే అనేసింది: "ఇద్దరూ నిజమే. ఇద్దర్నీ ఒకసారి మా ఇంటికి రమ్మనండి. బీరువా జరపాలి."

జనం పగలబడి నవ్వారు. ఇంటికొచ్చి ఆవిడ మంచం మీద అటు తిరిగి పడుకుంది. నేను మంచినీళ్ళు తీసుకెళ్తే, "పెద్దాడికి మోకాలు పోయింది. చిన్నాడికి ఏం పోతుందో," అంది గోడ వైపు చూస్తూ.

ఈ రెండు బిరుదుల గొడవ ప్రపంచ సమాఖ్య దాకా వెళ్ళింది. వాళ్ళు లీగ్‌ని గుర్తిస్తామన్న మాట పక్కన పెట్టి, మీ తగువు మీరే తేల్చుకోండి, ఇద్దరూ కలిసి ఒక పోటీ పెట్టండి, గెలిచినవాణ్ణి పంపండి అన్నారు. సరేనని రెండు పక్షాలూ కూర్చున్నాయి. ఎవరి బోర్డు పైన ఉండాలి, ఎవరి పాట ముందు వెయ్యాలి, కుర్చీలు ఎవరివి అని రోజుల తరబడి మాట్లాడుకున్నారు. రెఫరీ దగ్గరికొచ్చేసరికి ఎవరూ తగ్గలేదు. చివరికి సంఘం మనిషి ఒకరు, లీగ్ మనిషి ఒకరు, ఎవరి పద్ధతిలో వాళ్ళు చూసుకుని చెయ్యి దించాలని, రెండు చేతులూ దిగితేనే లెక్క అని ఒప్పుకున్నారు. ఒక చెయ్యి దిగి, ఇంకోటి దిగకపోతే బరువు కింద ఉన్నవాడు ఏం చెయ్యాలో ఎవరూ అనుకోలేదు. బరువు ఎత్తినవాళ్ళు ఆ గదిలో ఎవరూ లేరు మరి. సంఘం తరఫున నిలబడేది కొలతయ్యేనని మర్నాటికి ఊరంతా పాకింది.

పోటీలో దుంగ కలపదే ఉండాలని సంఘం పట్టుబట్టింది. దాంతో మా ఆయన మళ్ళీ పెరట్లోకి వచ్చారు. తెల్లవారుతూనే లేచి, ఎండాకులు పేరుకున్న ఆ దుంగని తుడిచి, ఎత్తడం మొదలెట్టారు. ఎత్తడం అద్భుతంగా ఉంది. అంత తేలిగ్గా ముందెప్పుడూ ఎత్తలేదు. కానీ దుంగ పైకి వెళ్ళేటప్పుడు కుడికాలు జానెడు ముందుకొస్తోంది. అలాగే నిలబడి, అలాగే దించేస్తున్నారు. చెయ్యి దించేవాళ్ళు లేరు కదా, తనంతట తానే దించేస్తున్నారు. అది చూడలేకపోయాను.

సామాన్ల గది కిటికీ దగ్గర బావగారు నిలబడి ఉన్నారు. ఊచ పట్టుకున్న చెయ్యి బిగుసుకుపోయి ఉంది.

నేను నీళ్ళ బిందెతో ఆ కిటికీ పక్కగా వెళ్తూ ఆగాను. "బావగారూ, కాలు ముందుకొస్తోంది కదండీ."

"వస్తోందమ్మా."

"ఒక్కమాట చెప్పచ్చు కదా."

"నేను రెఫరీని. ఆ ఐసు ఫ్యాక్టరీ అబ్బాయికి చెప్పడానికి నేను వాళ్ళింటికి వెళ్ళను కదా. మరి వీడికెలా చెప్పను?" అన్నారు. ఊచ వదిలి, "నువ్వు రెఫరీవి కాదు," అని కిటికీ దగ్గర్నుంచి లోపలికి వెళ్ళిపోయారు.

నేను బిందె అక్కడే దించి ఈయన దగ్గరికి వెళ్ళాను. "ఏమండీ, కుడికాలు ముందుకొస్తోంది," అన్నాను.

"నీకేం తెలుసే కాళ్ళ సంగతి?" అని నవ్వారు.

"ఇన్నేళ్ళ బట్టి బస్తాలు దించడం చూస్తున్నాను. నాకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది?"

ఆయన నవ్వు ఆగింది. కిటికీ వైపు చూశారు. అక్కడెవరూ లేరు. మళ్ళీ దుంగ ఎత్తారు, ఈసారి కాలు చూసుకుని వెనక్కి తీశారు. ఆ తర్వాత రోజూ తీసేవారు, నేను గుర్తుచేసినప్పుడల్లా. లీగ్ షెడ్డులో గుర్తుచేసేవాళ్ళు లేరు.

పోటీ రోజు మైదానం కిటకిటలాడిపోయింది. ఇంటివాళ్ళకని ముందు వరసలో బల్ల వేశారు. ఒక చివర నేను, ఇంకో చివర తోటికోడలు, మధ్యలో అత్తయ్య. ఆవిడ ఒక చెయ్యి నా ఒళ్ళో, ఇంకో చెయ్యి తోటికోడలి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

రాళ్ళు మొయ్యడం అయింది. లారీ లాగడం అయింది. మా ఆయనా, ఐసు ఫ్యాక్టరీ అతనూ సమానంగా ఉన్నారు. దుంగ మిగిలింది. అతను ఎత్తబోయి, ఛాతీ దాకా తెచ్చి వదిలేశాడు. ఇక ఈయన ఎత్తితే చాలు, ప్రపంచ పోటీకి వెళ్తారు.

రెఫరీలిద్దరూ ఎదురుగా నిలబడి చేతులు పైకెత్తారు. లీగ్ మనిషి కుర్రాడు, నల్లద్దాలు పెట్టుకున్నాడు. బావగారు ఉతికిన తెల్లచొక్కా, గుండీలు మెడ దాకా. అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు సూటిగా చూసుకోవడం ఆ ఎండాకాలం మొదలయ్యాక అప్పుడే అనుకుంటాను.

దుంగ ఛాతీ మీదికొచ్చింది. ఒక్క ఊపులో పైకి లేచింది. మోచేతులు నిటారుగా అయ్యాయి.

లీగ్ కుర్రాడి చెయ్యి దిగిపోయింది. జనం లేచి నిలబడ్డారు. పెద్దగా పాట మొదలైంది. అవతల కోటాయన కోటు ఎగిరేలా గంతులేస్తున్నాడు. మా ఆయన గెలిచారనే అందరూ అనుకున్నారు.

ఆయన దించలేదు. చూపు బావగారి చేతి మీద ఉంది. ఆ చెయ్యి ఇంకా పైనే ఉంది. నేను కిందికి చూశాను. కుడికాలు ముందుకుంది.

"దించెయ్! దించెయ్!" అని లీగ్ వైపు నుంచి అరుపులు. దించితే లెక్క కాదని ఆయనకి తెలుసు. అసలు ఆ లెక్క కూడా ఆయనకి తోచి ఉండదు. ఆ చెయ్యి దిగకుండా దించడం ఆయనకి రాదు. మెడ నరాలు పొంగాయి. మోచేతులు వణకడం మొదలైంది. ఏం తప్పు చేశానా అని వెతుక్కుంటున్న ముఖం.

బావగారు రెఫరీగా నిలబడినప్పుడు నోరు మెదపరు. అది రూల్. ఆ రోజు ఆయన పెదాలు కదిలాయి. పాట హోరులో ఎవరికీ వినపడలేదు కానీ ముందు వరసలో ఉన్న నేను చూశాను. కాళ్ళు, అన్నారు. మళ్ళీ అన్నారు. కాళ్ళు, కాళ్ళు.

మా ఆయనకి అందింది. ముఖం తేటపడింది. కుడికాలు ఎత్తి వెనక్కి తీశారు. అప్పటికే ఒళ్ళు బాగా అలిసిపోయింది. కాలు నేలకి ఆనేలోపు దుంగ వెనక్కి ఒరిగింది, కుడిభుజం దానితో పాటు వెనక్కి తిరిగిపోయింది. ఆయన కేక కూడా వెయ్యలేదు. దుంగ వీపు వెనక పడి దొర్లింది. ఆయన మోకాళ్ళ మీద కూలబడ్డారు. కుడిచెయ్యి పక్కన వేళ్ళాడుతోంది, తనది కానట్టుగా.

నేను పరిగెత్తాను. అందరూ పరిగెత్తారు. బావగారు మాత్రం కదల్లేదు. చెయ్యి పైకెత్తి అలాగే నిలబడి ఉన్నారు. పాట ఆపేశారు, జనం చుట్టూ మూగారు, ఆసుపత్రి బండి వచ్చింది, అయినా ఆ చెయ్యి పైనే ఉంది. చివరికి సైకిల్ షాపాయన వెళ్ళి, రెండు చేతులతో పట్టుకుని దాన్ని కిందికి దించాడు.

ప్రపంచ పోటీకి ఐసు ఫ్యాక్టరీ అతను వెళ్ళాడు.

భుజం లోపల తెగిపోయిందని, కుట్టినా చెయ్యి ఇక తల పైకి లేవదని డాక్టరు చెప్పాడు. మా ఆయన విని, "అన్నం తినడానికి వస్తుందా?" అని మాత్రం అడిగారు. వస్తుందన్నాడు. "చాలు," అన్నారు.

ఊళ్ళో మాట వేరేగా ఉంది. లీగ్‌లో చేరాడన్న కక్షతో అన్నే తమ్ముడి చెయ్యి విరిచాడని పాల దుకాణం ముందు తేల్చేశారు. కోటాయన ఆసుపత్రికి పళ్ళు తెచ్చాడు, వెంట కెమెరా మనిషినీ తెచ్చాడు.

"మీరు ఒక్క మాట చెప్తే చాలు," అన్నాడు మంచం పక్కన కూర్చుని. "కావాలనే చెయ్యి దించలేదని చెప్పండి. సంఘం పని అయిపోతుంది. మీ వైద్యం సంగతి మేం చూసుకుంటాం. రేపు మా షెడ్డులో మీరే పెద్ద కోచ్."

మా ఆయన కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారేమో అనుకున్నాం.

"ముందుకొచ్చిన కాలు ఎవరిదండీ?" అన్నారు కళ్ళు తెరవకుండా.

"ఏమిటీ?"

"ఆ కాలు ఎవరిది?"

"మీదే."

"మరి ఆయన్నంటారేం?"

కెమెరా మనిషి కోటాయన వైపు చూశాడు. కోటాయన లేచాడు. పళ్ళు మాత్రం వదిలి వెళ్ళాడు.

ఈ మాట బావగారి చెవిన పడాలి కదా! పడలేదు. ఆయన ఆసుపత్రికి రాలేదు. సంఘం వాళ్ళకి ఇక రానని చెప్పేశారట. డిపోకి వెళ్ళి రావడం, సామాన్ల గదిలో కూర్చోవడం, అంతే. నేను వెళ్ళి తోటికోడలికి జరిగింది చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"చెప్పి చూశానమ్మా. వినిపించుకుంటేగా. ఆ చేత్తో అన్నం కూడా తినట్లేదు. ఎడంచేత్తో చెంచా పట్టుకుని రెండు మెతుకులు కెలికి లేచిపోతున్నారు. ఆ చెయ్యి జేబులోంచి తీస్తే ఒట్టు."

"పెదాలు కదపడం నేను చూశానక్కయ్యా," అన్నాను.

"నేనూ చూశాను," అందావిడ. అంతవరకూ ఆ సంగతి ఇద్దరం ఒకరికొకరం చెప్పుకోనేలేదు.

మా ఆయన ఇంటికొచ్చేసరికి ఎండాకాలం అయిపోవచ్చింది. కుడిచెయ్యి గుడ్డ కట్టి మెడకి వేలాడదీశారు. రోజంతా గుమ్మంలో కూర్చుని పెరటి అవతల ఉన్న ఆ గది తలుపు వంక చూసేవారు. అది దగ్గరకి వేసి ఉండేది. "నేను వెళ్ళి పిలవనా?" అంటే, "పిలిస్తే రాడు. మా అన్నయ్య సంగతి నాకు తెలీదా," అనేవారు.

మొదటి వాన కురిసి వెలిసిన పొద్దున, బజారు నుంచి బియ్యం బండి వచ్చింది. ప్రతి నెలా వచ్చేదే. బండివాడు బస్తా దించబోతే ఈయన ఆగమన్నారు. బండికి వీపు ఆనించి, ఎడమభుజం వంచి, "ఇలా వెయ్యి," అన్నారు.

"ఏమండీ! డాక్టరు..." అని నేను అడ్డం వెళ్ళాను.

"తప్పుకోవే."

బండివాడు భయం భయంగా బస్తా ఆయన ఎడమభుజం మీదికి జార్చాడు. ఆయన ఒకసారి తూలి నిలదొక్కుకున్నారు. మా వంటింటి వైపు రాలేదు. తడిసిన పెరడు దాటి నేరుగా సామాన్ల గది ముందుకెళ్ళి నిలబడ్డారు.

"అన్నయ్యా!"

బస్తాని భుజం మీద సర్దుకుని మళ్ళీ పిలిచారు.

"అన్నయ్యా! బియ్యం!"

తోటికోడలు తలుపు తీసింది. ఆయన్ని చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, ఇదేం పని! కింద పెట్టెయ్ బాబూ, నీకు పుణ్యముంటుంది, కింద పెట్టెయ్."

ఆయన పెట్టలేదు. ఆవిడ భుజం మీదుగా చీకటి గదిలోకి చూస్తూ నిలబడ్డారు. ముఖం మీద చెమట కారుతోంది. అప్పుడు చూశాను నేను. కుడికాలు ముందుకు పెట్టి ఉంది. జానెడు కాదు, మూరెడు. బురదలో అంత దూరం కాలు చాపి బస్తాతో ఎవరూ నిలబడరు. కావాలని పెట్టారు.

అత్తయ్య మంచం దిగి వచ్చింది. "ఒరే పెద్దాడా," అంది గది వైపు తిరిగి. కేకెయ్యలేదు, మామూలు గొంతుతోనే. "వాడు నీ మాట తప్ప ఎవరి మాటా వినడురా. నేనేం చెయ్యను?"

కుర్చీ జరిగిన చప్పుడైంది. కుంటి అడుగులు వినిపించాయి. బావగారు గుమ్మంలోకి వచ్చారు. గడ్డం పెరిగి, మనిషి సగమయ్యారు. కుడిచెయ్యి జేబులోనే ఉంది. తమ్ముడి ముఖం చూశారు. మెడకి కట్టిన గుడ్డ చూశారు. అక్కడ చూపు చాలాసేపు ఆగింది. ఆ తర్వాత కిందికి చూశారు. కళ్ళు ఎప్పటిలా పాదాల మీదికి వెళ్ళాయి.

పెదాలు కదిలాయి.

"కాళ్ళు," అన్నారు.

మా ఆయన కుడికాలు వెనక్కి తీశారు. మెల్లగా, పాదం బురదలోంచి ఊడదీసి, ఎడమకాలి పక్కన సరిగ్గా ఆనించారు. కదలకుండా నిలబడ్డారు.

బావగారు జేబులోంచి చెయ్యి తీశారు. పైకెత్తారు. ఆ చేతిని అలాగే ఉంచి, మోచేతులు చూసే అలవాటు కొద్దీ పైకి చూశారు, ఒళ్ళు కదులుతోందేమో చూశారు. ఆ స్థితిలో కూడా తొందరపడలేదు మహానుభావుడు. అన్నీ చూసుకుని, అప్పుడు దించారు.

బస్తా జారి గుమ్మం అంచుకి తగిలి పిగిలిపోయింది. బియ్యం సగం సామాన్ల గదిలోకి, సగం పెరట్లోకి చిమ్మింది. అన్నదమ్ములిద్దరూ ఆ బియ్యంలోనే చతికిలబడ్డారు. బావగారు తమ్ముడి కుడిచెయ్యి కట్టు మీద తన అరచెయ్యి ఆనించి తల వంచుకున్నారు. ఈయన ఎడంచేత్తో అన్నయ్య వీపు రాస్తున్నారు.

అత్తయ్య కాసేపు చూసి ముక్కు చీదుకుంది. "బాగుంది. ఇప్పుడు ఏ గింజ ఏ పొయ్యిదో తేల్చడానికి ఇంకో సంఘం పెట్టుకోండి," అంది.

తోటికోడలు కళ్ళు తుడుచుకుంటూ చేట తెచ్చింది. నేను ఇంట్లోకెళ్ళి, అప్పుడే ముట్టించిన మా పొయ్యి ఆర్పేసి వచ్చి, ఆవిడ పక్కన కూర్చుని బియ్యం ఏరడం మొదలెట్టాను.